ఇరవై రెండు ఇత్తడి తీగలు

జనవరి 12

కొన్న పాత హార్ప్‌ని కారెక్కించినప్పుడు ఈ వాద్యానికి ఇరవై రెండు తీగలున్నాయి. డబ్లిన్‌లో ఇంటి ముందు దించేసరికి ఇరవై ఒకటి. దారిలో ఎక్కడో 'టంగ్'మంది. మావారు టైరు పోయిందనుకుని బండి పక్కకి ఆపారు.

ఇది లోహపు తీగల హార్ప్. ఐరిష్‌లో క్లార్షాఖ్ అంటారు. కచేరీల్లో కనిపించే పెద్ద హార్ప్‌కి పేగు తీగలో నైలాన్ తీగలో ఉంటాయి, వాటిని వేలి కొసలతో మీటుతారు. దీన్ని గోళ్ళతో మీటాలి. ఐర్లండ్‌లోనూ స్కాట్లండ్ ఎగువ ప్రాంతాల్లోనూ వందల ఏళ్ళు వాయించింది ఇలాంటివే. 12వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతగురువు, వీళ్ళవి తోలుతో చేసిన తీగలు కావు, లోహపు తీగలని ప్రత్యేకంగా రాసి పెట్టాడు. ఆ వాయించే పద్ధతి 19వ శతాబ్దం మొదటి భాగంలో దాదాపు అంతరించింది. పాత రాతల్నీ మ్యూజియంలలో మిగిలిన పాత వాద్యాల్నీ చూసి జనం మళ్ళీ కూడబెట్టుకున్న విద్య ఇది.

నాకు హార్ప్ రాదు. వీణ వచ్చు. అంటే విజయనగరంలో మా పెద్దమ్మ దగ్గర పదేళ్ళు నేర్చుకుని, ఆ తర్వాత పదిహేనేళ్ళు ముట్టుకోకుండా ఉన్నంత వచ్చు. తీగల వాద్యమే కదా, ఎంత కష్టం అనుకున్నాను. ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

జనవరి 18

పగటి వెలుతురులో సరిగ్గా చూశాను. అమ్మినాయన 'శ్రుతి చేసుకుని వాయించుకోవడమే' అన్నాడు. ఉన్నవి గిటార్ స్టీలు తీగలు, అందులో సగం తుప్పు పట్టినవి. కింది ఎనిమిదీ చుట్ట తీగలు (పైన మరో తీగ చుట్టినవి), గోరు తగిలితే రంపంలా గీసుకుంటున్నాయి. తీగలు పుట్టే పలక మధ్యలో పొట్టలా లేచింది. హార్ప్ పలక కొంత లేవడం మామూలేనట. దీనిది కొంత కాదు, స్కేలు అడ్డంపెట్టి కొలిస్తే 9 మిల్లీమీటర్లు. తీగలు బిగించే బిరడలుండే పైకర్రని మెడ అంటారు. తీగలన్నీ దానికి ఎడమ పక్కనే ఉంటాయి కాబట్టి లాగుడంతా ఒకవైపే పడి, మెడ కూడా కాస్త ఎడమకి తిరిగింది.

అన్ని తీగలూ ఒక్కసారి వదిలేస్తే చెక్క బెదురుతుంది. మూడు రోజులపాటు రోజుకో వరసలో, ఒకటి వదిలి ఒకటిగా దించుతాను.

జనవరి 26

తీగలన్నీ తీసి వారం కాలేదు, పొట్ట 6 మిల్లీమీటర్లకి దిగింది. పగులు లేదు. హమ్మయ్య.

నిన్న ట్రినిటీ కాలేజీకి వెళ్ళి అక్కడి హార్ప్ చూసొచ్చాను. ఐర్లండ్ నాణేల మీదా పాస్‌పోర్టు మీదా ఉండేది ఆ హార్ప్ బొమ్మే. గిన్నిస్ బీరు సీసా మీదుండేదీ అదే, కాకపోతే అటు తిరిగి ఉంటుంది. కంపెనీ వాళ్ళు 1876లోనే ట్రేడ్‌మార్క్ చేయించుకున్నారు కాబట్టి తర్వాత వచ్చిన ప్రభుత్వం ఇటు తిప్పి పెట్టుకుంది. ఎంత పెద్దగా ఉంటుందో అనుకుంటూ వెళితే, ఒళ్ళో పట్టేటంత ఉంది! 14 లేదా 15వ శతాబ్దం నాటిది. పెట్టె మొత్తం ఒకే దుంగలోంచి తొలిచారు. నాకు వెంటనే బొబ్బిలి గుర్తొచ్చింది. గొల్లపల్లిలో ఏకాండి వీణకి పనస దుంగని అలాగే తొలుస్తారు. వీళ్ళు విల్లో చెట్టు వాడేవారు. నాది అంత ఘనమైంది కాదు, పలకలు అతికించి చేసినది.

తీగ ఆర్డరిచ్చాను. హార్ప్సికార్డులు (పియానో లాంటి పాతకాలపు వాద్యాలు) చేసేవాళ్ళకి అమ్మే పసుపు ఇత్తడి తీగ, 0.35 నుంచి 0.70 మిల్లీమీటర్ల దాకా ఆరు సైజుల్లో.

ఫిబ్రవరి 1

ఈ రోజు మూడు తీగలు పోయాయి. మూడూ ఒకే చోట, ఒకే తప్పుకి.

మెడ మీద పాత యజమాని ఒక్కో బిరడ పక్కన స్వరం పేరు మార్కర్‌తో రాసి పెట్టాడు. పై చివరి తీగకి మూడో సప్తకపు ఎఫ్ అని ఉంది, అంటే దాదాపు 1,400 హెర్ట్జ్. నేను అది నమ్మి, 0.40 ఇత్తడి వేసి, ఫోన్లో ట్యూనర్ చూసుకుంటూ ఎక్కించాను. 1,240 దగ్గర ఫట్. లావెక్కువై తెగిందేమో, సన్నది వేద్దామనుకుని 0.35 వేశాను. అదీ 1,240 దాటుతుండగానే ఫట్. ముచ్చటగా మూడోది, ఈసారి పట్టుదల కొద్దీ. కొస చెంపకి తగిలింది. అప్పటిదాకా కళ్ళద్దాలు పెట్టుకోలేదని రాయడానికి సిగ్గుగానే ఉంది.

పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"లావు తీగా సన్నతీగా ఒకే శ్రుతిలో తెగాయంటే తప్పు తీగది కాదే. నువ్వడిగే శ్రుతిది," అంది.

"మరి స్టీలు తీగ అదే శ్రుతి మోసింది కదా పెద్దమ్మా?"

"స్టీలు మోస్తుంది. ఇత్తడి స్టీలా? మన వీణకి సారణి స్టీలు వేసి, మంద్రానికి ఇత్తడి ఎందుకు వేస్తాం మరి? దాని సత్తువ దానిది."

ఫిబ్రవరి 2

పెద్దమ్మ మాట నిన్న సగమే ఎక్కింది. లెక్క వేశాక పూర్తిగా ఎక్కింది.

తీగ లావైతే ఎక్కువ బరువు మోస్తుంది. కానీ లావైన తీగ బరువూ ఎక్కువే కాబట్టి, అదే శ్రుతికి రావాలంటే అంతే నిష్పత్తిలో ఎక్కువ లాగాలి. రెండూ కొట్టేసుకుంటాయి. మిగిలేవి లోహం గట్టిదనం, సాంద్రత, తీగ పొడవు, శ్రుతి. లావుకి అందులో చోటే లేదు. పొడవుని మీటర్లలో, శ్రుతిని హెర్ట్జ్‌లో గుణిస్తే ఒక్కో లోహానికి ఒక్కో గీత ఉంటుంది. నా ఇత్తడి ఆ గీత ఎక్కడో నిన్న తానే చెప్పింది: పై తీగ పొడవు 12.5 సెంటీమీటర్లు, తెగింది 1,240 దగ్గర, గుణిస్తే 155. ఎఫ్ అడిగితే 175 అవుతుంది. ఎన్ని తీగలు వేసినా తెగేవే.

అంటే ఈ హార్ప్‌ని చేసినవాళ్ళు ఇత్తడికే కొలతలు పెట్టి చేశారు. తర్వాతెవరో స్టీలు వేసి, ఎంత లాగినా తెగడం లేదు కదా అని మొత్తం నాలుగు స్వరాలు పైకి, అంటే షడ్జమాన్ని మధ్యమం దాకా ఎక్కించేశారు. శ్రుతి ఒకటికి 1.33 రెట్లయితే లాగుడు 1.78 రెట్లవుతుంది. పొట్ట ఎందుకు లేచిందో, మెడ ఎందుకు తిరిగిందో ఇప్పుడు అడగక్కర్లేదు.

మార్కర్ రాతలన్నీ స్పిరిట్‌తో తుడిచేశాను. పై చివరిది ఎఫ్ నుంచి సి కి దించాను: 1,046 హెర్ట్జ్, గుణిస్తే 131. మిగతావీ 135 దాటకుండా చూసుకున్నాను. ఒక్కో తీగ మీద ఏడున్నర నుంచి పదకొండు కిలోల లాగుడు పడుతుంది, మొత్తం మీద రెండు వందల కిలోల పైన. అంత బరువుని ఈ చిన్న చెక్కపెట్టె రాత్రీ పగలూ మోస్తూ కూర్చుంటుంది.

ఫిబ్రవరి 15, 16

రెండు రోజులూ తీగలు ఎక్కించడమే. చేసిన పద్ధతి వివరంగా రాసుకుంటున్నాను. మళ్ళీ చేయాల్సి వస్తే మర్చిపోతాను.

ఉండ నుంచి తీగని దొర్లించి తీయాలి. పక్కనుంచి లాగితే మెలిపడుతుంది. మెలి పడ్డ ఇత్తడిని సరిచేయడం ఉండదు, మడత పోయినట్టు కనిపించినా తర్వాత అక్కడే తెగుతుంది. కమ్మచ్చులోంచి లాగీ లాగీ సన్నం చేసిన తీగ కదా, ఆ లాగుడుకే గట్టిపడి ఉంటుంది. ఇక వంపు తట్టుకోదు.

కింది కొసకి రెండు సెంటీమీటర్ల అడ్డపుల్ల కట్టాలి. తీగని పుల్ల చుట్టూ తిప్పి, కొసని అసలు తీగతో పెనవేయాలి. ఇక్కడే నేను పొరపాటు చేశాను. అసలు తీగని నిటారుగా ఉంచి కొసనొక్కదాన్నే దాని చుట్టూ తిప్పితే బిగిశాక జారిపోతుంది. మొదట రెంటినీ సమానంగా జడలా పెనవేసి, చివర్లో మాత్రం కొసని దగ్గరగా నాలుగు చుట్లు చుడితే నిలుస్తుంది. మొదటి ఐదు తీగలూ జారాక తెలిసింది. పుల్లలకి చైనీస్ హోటల్ నుంచి వచ్చిన వెదురు చాప్‌స్టిక్‌లు కోశాను. భేషుగ్గా ఉన్నాయి.

పెట్టె వెనక తలుపు తీసి, అడ్డపుల్ల లోపల ఉండేలా తీగని పలక చిల్లులోంచి బయటికి తోయాలి. చిల్లు దగ్గర తీగ చెక్కని కోయకుండా చిన్న ఇత్తడి నాడా ఉంటుంది, అచ్చం గుర్రపునాడా ఆకారమే. పాతాయన నాలుగు నాడాలు పోగొట్టాడు. ఇత్తడి రేకు కత్తిరించి వంచి నేనే చేశాను. అంత అందంగా రాలేదు.

పైన బిరడ దాటాక ఏడు సెంటీమీటర్లు వదిలి తీగ కత్తిరించాలి. కత్తిరించేటప్పుడు కొసని గుడ్డతో పట్టుకోవాలి, లేకపోతే ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేం. మూడు చుట్లు పడితే చాలు. చుట్లు మెడ వైపుకి జరుగుతూ రావాలి. ఈ బిరడలు లోహపువి. ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా మెడలోంచి ఆరపార ఉంటాయి. మన వీణ బిరడల్లాగే పట్టంతా రాపిడిదే, తిప్పుతూ కొంచెం లోపలికి అదమాలి. రెండు జారుతుంటే సుద్దపొడి రాశాను. ఈ వైద్యం పెద్దమ్మదే.

సాయంత్రానికి ఇరవై రెండూ ఎక్కాయి. శ్రుతి చేయలేదు. కావాల్సినదానికి మూడు స్వరాలు కిందే ఉంచి పడుకున్నాను. ఏమాటకామాట, కిటికీ వెలుతురులో కొత్త ఇత్తడి మెరుస్తుంటే పూజగది గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 17 నుంచి 28

పొద్దున సాయంత్రం కొంచెం కొంచెం పైకి. పొద్దున ఎక్కించింది సాయంత్రానికి దిగుతోంది. ఆరో రోజు రాత్రి రెండింటికి 4వ తీగ తెగింది, పెనవేసిన చోట. పొట్ట 7 మిల్లీమీటర్లు, నిలకడగా ఉంది.

మార్చి 8

ఈ రోజు ట్యూనర్ పక్కన పడేసి చెవితో శ్రుతి చేశాను. రాసుకోవాల్సిన రోజు ఇదే.

ఈ హార్ప్‌లో మధ్యన రెండు తీగలు పక్కపక్కనే ఒకే స్వరంలో ఉంటాయి, జి లో. ఇంగ్లీషులో అక్కాచెల్లెళ్ళంటారు. ఐరిష్ పేరుకి 'కలిసి పడుకున్నవి' అని అర్థం. శ్రుతి ఇక్కడే మొదలవుతుంది. 1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో అప్పటికి మిగిలిన ముసలి హార్ప్ విద్వాంసుల్ని ఒకచోట చేర్చారు. పదిమంది ఐరిష్ వాళ్ళు, ఒక వేల్స్ ఆయన. వాళ్ళు వాయించింది రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. ఆ కుర్రాడు ఆ తర్వాత కూడా ఊళ్ళు తిరిగి వాళ్ళ పద్ధతులు రాసుకున్నాడు కాబట్టే శ్రుతి చేసే వరస మనదాకా వచ్చింది.

జి ని షడ్జమం అనుకుంటే వరసంతా మనకి తెలిసినదే. ముందు అక్కాచెల్లెళ్ళు కలవాలి. రెంటినీ కలిపి మీటితే 'వావ్ వావ్' అని ఒక అల వినిపిస్తుంది. బిరడ తిప్పేకొద్దీ అల నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. అప్పుడు పంచమం, డి. పంచమం నుంచి ఒక సప్తకం కిందికి, మళ్ళీ దాని పంచమం. ఇలా ఎక్కుతూ దిగుతూ పోతే డి, ఎ, ఇ, బి, చివరికి ఎఫ్ షార్ప్. సి ఒక్కటే పై జి నుంచి వెనక్కి దిగి పట్టుకోవాలి. చివరికి వచ్చేది ధీర శంకరాభరణం. ఎఫ్ తీగల్ని అర స్వరం దించితే హరికాంభోజి. వేరే రాగం కావాలంటే తీగలు మళ్ళీ తిప్పుకోవాల్సిందే, ఇందులో మెట్లు లేవు.

పంచమాలన్నీ స్వచ్ఛంగా పెడితే గాంధారం కొంచెం పదునుగా వస్తుంది. జి, బి కలిపి మీటితే సన్నగా అదురుతుంది. మొదట తప్పు చేశాననుకుని రెండుసార్లు విప్పాను. తప్పు కాదు. పంచమాల మెట్లెక్కి వచ్చిన గాంధారం అలాగే ఉంటుంది, అల లేని గాంధారం కంటే సెమీటోన్‌లో, అంటే అర స్వరంలో, ఐదో వంతు పైన. విడిగా పాటలో మీటితే బాగానే ఉంది. కలిపి మీటకపోతే సరి.

మార్చి 17

సెయింట్ ప్యాట్రిక్స్ డే సెలవు. వాన. హీటర్ వేసుకుని కూర్చున్నాను. గంటలో శ్రుతంతా పాడైంది.

గది ఐదు డిగ్రీలు వేడెక్కితే ఇత్తడి సాగి తీగ వదులవుతుంది, ఇది తెలిసిందే. తెలియనిదేంటంటే అన్నీ ఒకేలా దిగవు. నా లెక్క ప్రకారం పై తీగలు సెమీటోన్‌లో ఏడో వంతు దిగితే, మధ్య జి ఐదో వంతు, కింది చివరి తీగ మూడో వంతుకి దగ్గరగా దిగుతాయి. కింది తీగలు మొదటినుంచీ తక్కువ బిగువులో ఉంటాయి కాబట్టి పోయిన కొంచెం బిగువే వాటికి పెద్దది. అందుకే మొత్తం సమానంగా దిగి ఊరుకోదు, తనలో తనకే చెడుతుంది. ఇకనుంచి వాయించే గంట ముందు హీటర్ వేసి, గది కుదురుకున్నాకే బిరడల మీద చెయ్యి వేస్తాను.

మార్చి 29

గోళ్ళు ఆరు వారాలుగా పెంచుతున్నాను. గిన్నెలు తోమడం మావారికి అప్పజెప్పాను.

1792లో బెల్‌ఫాస్ట్ వచ్చినవాళ్ళలో పాత పద్ధతిలో పొడుగాటి గోళ్ళతో మీటింది ఒక్కడే, డెనిస్ హెంప్సన్. అప్పటికే తొంభై ఏడేళ్ళవాడు, చూపులేదు. 1702లో చేసిన ఆయన హార్ప్ ఇప్పటికీ ఉంది. మిగతా అందరూ అప్పటికే వేలి కొసలకి మారిపోయారు.

హార్ప్ ఎడమ భుజానికి ఆనాలి. ఎడమ చెయ్యి పై తీగలకి, కుడి చెయ్యి కింది తీగలకి. ఇప్పటి పెద్ద హార్ప్‌లకి ఇది తలకిందులు. వీణ మీద నా కుడిచెయ్యి మీటేది, ఎడమచెయ్యి పాడేది. ఇక్కడ ఎడమచెయ్యి మీటాలంటే అది నా చెయ్యి కాదన్నట్టుంది.

అసలు చిక్కు అది కాదు. స రి గ మ అని వరసగా నాలుగు మీటాను. నాలుగూ కలిసి మోగాయి. గుళ్ళో గంటలన్నీ ఒక్కసారే కొట్టినట్టుంది. కింది తీగ మీటి గడియారం చూశాను, పన్నెండు సెకన్లు మోగింది. వీణ మీద ఒకే తీగ, తర్వాతి స్వరం వచ్చిందంటే ముందుది దానంతటదే పోతుంది. అక్కడ నాదం తగ్గిపోతుందనే బాధ. గమకం పూర్తయ్యేదాకా ఎలా నిలబెట్టాలా అని తీగని లాగి, సాగదీసి, ఉన్న కాస్త ప్రాణాన్నీ వాడుకుంటాం. ఇక్కడ స్వరానికో తీగ. దేన్నీ సాగదీయక్కర్లేదు, దేనికీ గమకం లేదు. మీటడం చిటికెలో పని. మిగిలిన పనంతా ఆపడమే.

రెండో వేలితో రి మీటిన క్షణంలోనే ఖాళీగా ఉన్న వేలు వెళ్ళి స మీద వాలాలి. ముందు వాలితే పాట తెగిపోతుంది, ఆలస్యమైతే మసక. గోరు తగిలితే 'జీర్'మంటుంది, వేలి మెత్త మాత్రమే తగలాలి. అన్నీ ఆపేసినా పాట ఎండిపోతుంది. షడ్జమం, పంచమం మోగనిచ్చి రిషభాన్ని ఆపాలి. ఏది ఉండాలో ఏది పోవాలో స్వరస్వరానికీ తేల్చుకోవాలి. ఈ రోజు రెండు గంటలు ఐదు స్వరాలు ఎక్కి దిగడమే చేశాను. రెండుసార్లు శుభ్రంగా వచ్చింది.

ఏప్రిల్ 19

టర్లక్ ఒ'కారలన్ (1670 నుంచి 1738 దాకా) మశూచితో పద్దెనిమిదేళ్ళకి చూపు పోయాక హార్ప్ నేర్చి, ఊరూరా తిరిగి వాయించినవాడు. ఆయన మొదట కట్టిన బాణీ అని చెప్పే 'షీ వెగ్, షీ వోర్' మొదలుపెట్టాను. పేరుకి చిన్న దేవతల దిబ్బ, పెద్ద దేవతల దిబ్బ అని అర్థం. మూడు మాత్రల నడక. ఇక్కడ విజిల్ (రేకు పిల్లనగ్రోవి) వాయించే ప్రతి పిల్లకీ వచ్చిన పాట. మొదటి భాగం ఎడమచేత్తో వస్తోంది. కుడిచెయ్యి కింద జి, డి మాత్రమే వేస్తోంది, రెండు చేతులకీ ఇంకా జత కుదరలేదు.

కింది మూడు తీగలు నచ్చడం లేదు. మీటితే 'డబ్'మని మొద్దుగా ఉన్నాయి. ఆ శ్రుతికి ఉండాల్సినంత పొడవు ఈ చిన్న పెట్టెలో లేదు. పొడవు తక్కువైనదానికి బదులు లావు పెంచాం, లావైన తీగ కడ్డీలా బిర్రుగా ఉండి సరిగ్గా కంపించదు. పాతకాలంలో వెండి తీగలుండేవని రాతలున్నాయి. అది గొప్పకి పోయి వేసింది కాదని ఇప్పుడు అనిపిస్తోంది. ఇత్తడి సాంద్రత 8.5 అయితే వెండిది 10.5, బంగారానిది 19.3. అదే బరువు సన్నటి తీగలోనే దొరుకుతుంది. బంగారం మాట మావారి ముందు ఎత్తలేదు. మూడు తీగలకి వెండి ఎంతవుతుందో కనుక్కుంటున్నాను.

ఏప్రిల్ 26

వీడియో కాల్‌లో పెద్దమ్మకి మొదటి భాగం వాయించి వినిపించాను. మధ్యలో రెండు చోట్ల తడబడ్డాను. ఆఖరి జి మీటి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"బాగుందే. మన మోహనకి ఎక్కడో చుట్టరికంలా ఉంది," అంది. కాసేపు ఏమీ అనలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను.

"అదేంటే, ఇంకా మోగుతోంది? చెయ్యి పెట్టు."